శకుంతలమ్మ గొంతు, మా నాయనమ్మ రిమోట్

మొన్న ఊళ్లో ఇల్లు సర్దుతుంటే పాత టీవీ రిమోట్ దొరికింది. వెనక మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు చుట్టి ఉంది, సౌండ్ పెంచే బటన్ మీద గుర్తు పూర్తిగా అరిగిపోయింది, తగ్గించే బటన్ మాత్రం కొన్న రోజు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. ఆ రిమోట్ మా నాయనమ్మది. ఆమెకు చెవులు తగ్గాయని మాలో ఎవరమూ నోరు తెరిచి అనేవాళ్లం కాదు, అంటే ఊరుకునే మనిషి కాదు కాబట్టి. టీవీలో మాట్లాడేవాళ్లకే నోళ్లు పడిపోయాయని ఆమె లెక్క. సౌండ్ నలభై దాటితే గానీ ఆమెకు సీరియల్ మొదలైనట్టు కాదు, నకిరేకల్ దగ్గర మా ఊళ్లో మా వాడకట్టు మొత్తానికి ఎవరి కాపురం ఎక్కడ కూలిందో మా ఇంటి కిటికీలోంచే తెలిసేది.

ఒక్క మనిషి తెర మీదికి వస్తే మాత్రం రిమోట్ జోలికి పోయేది కాదు. "గీమె ఒక్కతే మంచిగ మాట్లాడ్తది బిడ్డా, తక్కినోళ్లంత నోట్లెనే గొణుగుతరు" అనేది. గీమె అంటే సినిమా నటి తెలంగాణ శకుంతల గారు.

ఆమె గురించి ఎప్పటి నుంచో రాయాలని ఉంది, కానీ ఆమె గురించి మొదలుపెడితే నా గొంతు సంగతి కూడా చెప్పాల్సి వస్తుంది, అందుకే వాయిదా పడుతూ వచ్చింది.

మా ఇంట్లో మెల్లగా మాట్లాడటం అనేది ఎవరికీ రాదు. మాది కాలువ నీళ్లు రాని మెట్ట, బావుల మీద సాగు, ఇంటికీ బావికీ మధ్య మూడు చెలకలు. బాయికాడ మోటరు ఆపమని నాయనమ్మ అరుగు మీద నిలబడి ఒక్క కేక వేస్తే తాతకు వినపడేది. నాకు ఆమె గొంతే వచ్చింది. చిన్నప్పుడు పొలానికి సద్ది తెచ్చామని చెప్పడానికి, తప్పిపోయిన బర్రెను పిలవడానికి నన్నే ముందు పెట్టేవాళ్లు, అదే గొంతుతో చుట్టాల ఇంట్లో మాట్లాడితే మాత్రం మా పెద్దమ్మ "ఆడివిల్లకు గంత గొంతేందే" అని తొడపాశం పెట్టేది. అదేం న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మా ఉమ్మడి నల్లగొండ జిల్లాలో పెద్ద గొంతున్న ఆడవాళ్లు కొత్తేం కాదు. మల్లు స్వరాజ్యం గారు మాట్లాడుతుంటే సూర్యాపేటలో ఒకసారి విన్నాను. కరివిరాల కొత్తగూడెం ఆమెది, తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకి పట్టిన మనిషి, తర్వాత తుంగతుర్తి నుంచి రెండుసార్లు ఎమ్మెల్యే. అప్పటికే బాగా పెద్దావిడ. ఈమెకు మైకు ఎందుకు పెట్టారా అనిపించింది.

సరే, నాటకాల సంగతికి వస్తా, ఎందుకంటే శకుంతల గారు నాటకాల్లోంచి సినిమాకు పోయిన మనిషి, నాటకాల్లోంచి వచ్చిన ఆడవాళ్లు ఎట్లా ఉంటారో నేను దగ్గర నుంచి చూసింది ఒక్కసారే.

మా చిన్నబాబాయికి కరెంటాఫీసులో ఉద్యోగం, ఇంటికొస్తే నాటకాల పిచ్చి. ఆఫీసుల్లో, బ్యాంకుల్లో, ఆర్టీసీలో పనిచేసే ఏడెనిమిది మంది కలిసి గంటసేపు నడిచే నాటికలు తయారు చేసి పరిషత్తు పోటీలకు తీసుకుపోయేవాళ్లు. ఐదారు మగ వేషాలు, ఒకటే ఆడ వేషం. మగవాళ్లంతా సాయంత్రం పూట సరదాకి వేసేవాళ్లు, ఆ ఒక్క ఆడ వేషానికి మాత్రం హైదరాబాదు నుంచి ఆర్టిస్టును పిలిపించాలి, ఇంత అని ఇవ్వాలి. ఆమెకు అది బతుకుతెరువు. అదే పోటీల్లో ఇంకో రెండు సమాజాలకూ ఆమే వేస్తుంది, సాయంత్రం ఆరింటికి ఒకదాంట్లో తల్లి, రాత్రి తొమ్మిదింటికి ఇంకోదాంట్లో కొత్త పెళ్లికూతురు. (పాతరోజుల్లో అయితే ఆ ఇబ్బందే లేదు, ఆడ వేషాలు మగవాళ్లే కట్టేవాళ్లు, స్థానం నరసింహారావు గారి సత్యభామను చూసి చీర కట్టు నేర్చుకున్న ఆడవాళ్లున్నారని మా బాబాయి చెప్పేవాడు. సురభి నాటక సమాజం వాళ్లు మాత్రం మొదటి నుంచీ ఆడవేషం ఆడవాళ్లతోనే వేయించారు, ఇంటిల్లిపాదీ స్టేజీ మీదే కదా వాళ్లు.)

1996లో అనుకుంటా, నేను ఐదో ఆరో చదువుతున్నా, అట్లా వచ్చిన ఒకామెను మా ఇంట్లోనే ఉంచారు, ఆడమనిషి ఒక్కతే లాడ్జిలో ఎందుకని. పేరు రాయను, ఇప్పుడు ఎక్కడున్నారో తెలియదు. సాయంత్రం బస్సుకు దిగింది, చేతిలో ఒక రేకు సూట్‌కేసు, ఒక ఫ్లాస్కు. ఫ్లాస్కులో టీ ఉందేమో అనుకున్నా, వేడినీళ్లు. మా అమ్మ ప్రేమగా మిరపకాయ బజ్జీలు వేస్తే ఒక్కటి కూడా ముట్టుకోలేదు, గొంతు పోతుందని. గచ్చు మీద గుంజకు ఆనుకుని కూర్చుని నాటిక రాసిన కాగితాలు చదువుకుంటుంటే నేను పక్కన చేరి చూశాను. తన మాటలు వదిలేసి మిగతావాళ్ల మాటలు చదువుతోంది. ఎందుకట్లా అంటే, "వాళ్లు ఏమన్నారో తెలిస్తే నా మాట అదే వస్తుందమ్మా" అంది.

కాసేపటికి మా నాయనమ్మను పిలిచింది. "పెద్దమ్మా, ఇక్కడ నా కోడలు ఏడుస్తుంటే ఎందుకు ఏడుస్తున్నావని అడగాలి, మీ వైపు ఎట్లా అంటారు?"

నాయనమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ కొంచెం ఆలోచించింది. "మేమడగం. పక్కపొంటి కూసుంటం" అంది.

రెండో రోజు పోటీలో ఆమె ఆ మాట అనలేదు. కోడలు వేషం వేసిన కుర్రవాడి పక్కన (అవును, రెండో ఆడ వేషానికి డబ్బుల్లేక కరెంటాఫీసు కుర్రవాడికే చీర కట్టారు) కొంగు సర్దుకుని ఊరికే కూర్చుంది. వెనక నుంచి ప్రాంప్టింగ్ చెప్పేవాడు ఆమె మాట మర్చిపోయిందనుకుని మూడుసార్లు అందించాడు. ఆమె పలకలేదు. మా నాయనమ్మ ముందు వరసలో కూర్చుని "గట్ల" అంది, పక్కనున్న పదిమందికి వినపడేటట్టు. మా బాబాయి వాళ్లకు బహుమతి రాలేదు, అది వేరే సంగతి, ఇప్పటికీ ఆయనకు ఆ జడ్జీల మీద కోపం ఉంది.

అంతకు ముందు, పోటీ మొదలుకాకముందు ఆ ఆర్టిస్టు ఖాళీ స్టేజీ ఎక్కి నన్ను గేటు దాకా పోయి నిలబడమంది. వినపడితే చెయ్యెత్తు అంది. తర్వాత ఏదో మామూలుగా, ఇంట్లో అన్నం తిన్నావా అని అడిగినట్టు అడిగింది, అరవలేదు, అయినా గేటు దగ్గర నాకు ఒక్క అక్షరం పోకుండా వినపడింది. శకుంతల గారి మాటలు విన్నప్పుడల్లా ఆ గేటు గుర్తొస్తుంది. చాలామంది ఆమె అరుస్తుందనుకుంటారు. కాదు, ఆమె చివరి వరస మనిషికి చెప్తుంది. కెమెరా మూతి దగ్గర ఉన్నా సరే, ఎక్కడో గేటు దగ్గర నిలబడ్డ పిల్లకు చెప్తుంది.

ఆమె అసలు పేరు కడియాల శకుంతల. పుట్టింది 1951 జూన్ 9న మహారాష్ట్రలో, ఇంటి భాష మరాఠీ. ఈ ముక్క తెలిసిన రోజు నేను నమ్మలేదు. మా నాయనమ్మకు చెప్తే ఆమె అసలే నమ్మలేదు, "పో, గామెది మనదిక్కే, సూర్యాపేట కాడ యాడనో" అని కొట్టిపారేసింది.

మొదటి సినిమా 'మా భూమి'. 1979-80 నాటిది. మా ఊళ్లో దాన్ని మేము చూసింది చాలా ఏళ్ల తర్వాత, ఒక దసరాకు యువజన సంఘం వాళ్లు వీసీఆర్ కిరాయికి తెచ్చి బడి ముందర పెట్టినప్పుడు. కథ మా జిల్లాది, సిరిపురం అనే ఊరిది. తీసింది మెదక్ జిల్లా మంగళపర్తిలో. తీయించిన నర్సింగరావు గారు మనవాడే గానీ డైరెక్టరు గౌతమ్ ఘోష్ బెంగాలీ, మూలకథ రాసిన కిషన్ చందర్ ఉర్దూ రచయిత, అందులో చిన్న వేషంతో తెర మీదికి వచ్చిన ఈమె మరాఠీ. మా గోస చెప్పడానికి దేశం నాలుగు మూలల నుంచి మనుషులు వచ్చారన్నమాట. ఆ రాత్రి మాకు శకుంతల గారెవరో తెలియదు, వెతకనూ లేదు. నేను చూసింది సినిమా కంటే ఎక్కువ నాయనమ్మ మొహమే. రజాకార్ల రోజుల్లో ఆమెకు పదిహేడు పద్దెనిమిదేళ్లు ఉంటాయి, రాత్రిళ్లు జొన్నచేలల్లో పడుకున్న కథలు మాకు వంద సార్లు చెప్పింది. గడీ సీన్లు వస్తుంటే మాట్లాడలేదు. బండి యాదగిరి పాటను గద్దర్ గొంగడి వేసుకుని పాడుతుంటే మాత్రం తనూ అందుకుంది, ఆమెతోపాటు ఇంకో ముగ్గురు నలుగురు ముసలివాళ్లు, టీవీలో ఉన్న గద్దర్ కంటే వీళ్లదే పైచేయి అయిపోయింది. పిల్లలం నవ్వాం. తర్వాత ఆపేశాం.

ఆ తర్వాత శకుంతల గారు ఎన్నో చిన్నా పెద్దా వేషాలు వేశారు, 1997లో 'ఒసేయ్ రాములమ్మ'లో కూడా ఉన్నారు. ఆ సినిమాకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి నల్లగొండకు ట్రాక్టర్ల మీద వచ్చారు జనం, మేమూ అట్లా వచ్చినవాళ్లమే. అయితే ఆమె పేరు ఇంటింటా నాటుకున్నది 2001లో, తేజ తీసిన 'నువ్వు నేను'తో. నా కష్టకాలం మొదలైందీ దానితోనే.

ఇంటర్‌కు నన్ను విజయవాడ వైపు ఒక రెసిడెన్షియల్ కాలేజీలో వేశారు. గొంతు పెద్దది, దాని మీద మా యాస. మొదటి వారం మెస్సులో "అక్కా, జెర చారు పోయున్రి" అంటే గరిటె పట్టుకున్నామె నవ్వింది, లైనులో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆగస్టులో 'నువ్వు నేను' వచ్చింది. దసరా సెలవులకు ఇళ్లకు పోయి ఆ సినిమా చూసి వచ్చిన పిల్లలు నాకు పేరు పెట్టేశారు. శకుంతల. కారిడార్‌లో ఎదురొస్తే "ఏందే శకుంతలా" అని దీర్ఘం తీసేవాళ్లు. ఒక లెక్చరర్ కూడా ఒకసారి నోరు జారి అదే పేరుతో లేపాడు, క్లాసంతా గొల్లున నవ్వింది, ఆయనా నవ్వాడు. చెడ్డవాడేం కాదు, లెక్కలు బాగా చెప్పేవాడు, అయినా ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది.

నేనేం చేశానంటే, మాట మార్చేశాను. రాత్రిళ్లు దుప్పటి కప్పుకుని ప్రాక్టీస్ చేసేదాన్ని, 'పోయిండు' అనకుండా 'వెళ్ళాడు', 'గిట్ల' అనకుండా 'ఇలా', 'యాష్టకొచ్చింది' అనకుండా 'విసుగొచ్చింది'. సంక్రాంతి నాటికి పూర్తిగా వచ్చేసింది. గొంతు కూడా తగ్గించాను. ఎస్టీడీ బూత్ నుంచి ఊళ్లో పక్కింటికి ఫోన్ చేస్తే నాయనమ్మను పిలుచుకొచ్చేవాళ్లు, ఆమె రెండు నిమిషాలు విని, "ఎవలో మాట్లాడ్తున్నరు, మన పిల్ల గాదు" అని ఫోన్ మా అమ్మకు ఇచ్చేసింది. నా మాట వినపడక అలా అందో, వినపడే అందో నాకు తేలలేదు.

ఇక్కడే నాకు శకుంతల గారి మీద ముందు కోపం, తర్వాత ఇంకేదో. నేను ఏ మాటను దుప్పటి కింద దాచుకుంటున్నానో దాన్ని ఆమె ఎక్కడి నుంచో వచ్చి నేర్చుకుని, నోట నింపుకుని, చివరికి పేరు ముందు కూడా పెట్టుకుంది. సినిమావాళ్ల పేర్ల ముందు ఏదో ఒకటి చేరడం మామూలే, 'షావుకారు' సినిమాతో జానకి గారు షావుకారు జానకి అయ్యారు. కానీ ఈమె పేరు ముందు చేరింది ఒక ప్రాంతం. ఎలాంటి రోజుల్లో? అసెంబ్లీలోనే ఆ మాట వద్దు, వెనకబడిన ప్రాంతం అనండి అన్నారని పెద్దవాళ్లు కథలుగా చెప్పుకునే రోజుల్లో. అక్కడ పలకడానికి బరువైన మాట సినిమా టైటిల్స్‌లో నాలుగు సెకన్లు తెర మీద నిలబడేది. ఎవరికీ అభ్యంతరం లేదు, ఎందుకంటే అది నవ్వించే ఆమె పేరు.

అదే నా ఫిర్యాదు, ఆమె మీద కాదు, వేషాలు రాసినవాళ్ల మీద. తెలుగు సినిమాలో మా యాస చాలాకాలం రౌడీకి, పనిమనిషికి, తాగుబోతుకే రాసిపెట్టి ఉంది. ఆమెకూ అవే వచ్చాయి, బెదిరించే అత్త, కత్తి పట్టిన అక్క. నాటకాల్లోంచి వచ్చిన మనిషికి ఊరికే పక్కన కూర్చునే సీను ఒక్కటి రాసి ఉంటే ఎట్లా చేసేదో అని నాకు ఎప్పుడూ ఉంటుంది. రాసింది మాత్రం ఎప్పుడూ అరిచే సీనే, అయినా అందులో ఆమె యాసను వెక్కిరించినట్టు పలకలేదు. గమనించండి, మా మాటను వేరేవాళ్లు పలికితే ప్రతి మాట ముందూ ఒక 'గ' తగిలించి అయిపోయిందనుకుంటారు. ఆమె మాట ముగింపు దగ్గర దొరికిపోతుంది, చివరి అక్షరాన్ని ఎక్కడ లాగాలో, ఎక్కడ తుంచాలో తెలుసు. అది పుస్తకంలో నేర్చుకుంటే రాదు. ఏదో ఊళ్లో ఏదో గచ్చు మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచే ఎవరినో అడిగే ఉంటుంది.

2003 సంక్రాంతి సెలవులకు ఇంటికొచ్చి, మా అక్కావాళ్లతో కలిసి నల్లగొండలో 'ఒక్కడు' చూశాను. అందులో ఆమె ఓబుల్‌రెడ్డి తల్లి. కర్నూలు కథ కాబట్టి మాటంతా రాయలసీమ యాస. థియేటర్‌లో నేను నోరు తెరుచుకుని కూర్చున్నా. తెలంగాణ అని పేరు పెట్టుకున్న మరాఠీ ఆమె సీమ మాట మాట్లాడుతోంది, ప్రకాష్ రాజ్ ముందు నిలబడి తగ్గకుండా. సరిగ్గా అదే సంక్రాంతికి అరవంలో విక్రమ్ హీరోగా 'ధూళ్' వచ్చిందనీ, అందులో స్వర్ణక్క అనే విలన్‌గా ఆమే చేసిందనీ, తమిళనాడు అంతా ఆ పేరు మోగిందనీ నాకు తర్వాత తెలిసింది. దాన్నే అదే ఏడాది తెలుగులో 'వీడే' అని రవితేజతో తీస్తే ఆ వేషానికి మళ్లీ ఆమెనే పెట్టుకున్నారు, ఇంకెవరిని పెట్టుకుంటారు. యాభై దాటిన వయసులో ఒకే పండక్కి రెండు భాషల్లో రెండు ఊళ్లను హడలగొట్టిన ఆడమనిషి ఇంకెవరైనా ఉంటే చెప్పండి.

సెలవులైపోయి కాలేజీకి వెళ్లాక మెస్సులో "అక్కా, జెర చారు పోయున్రి" అన్నాను. కావాలనే అన్నా. ఆమె నవ్వలేదు, పోసింది. అప్పటికి అందరికీ పాతబడిపోయిందేమో.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. నేను అప్పుడు హైదరాబాదులో ఉద్యోగం, సంబరాలకు ఊరికి వచ్చి అట్లాగే సెలవు పెట్టి ఉండిపోయా, మృగశిర కార్తె చేపలు తిని పోదామని. జూన్ 14, శనివారం. పొద్దున్నే టీవీ పెడితే కింద స్క్రోలింగ్. రాత్రి కొంపల్లిలో ఇంట్లో ఉండగా గుండెపోటు వచ్చిందట. మొన్న తొమ్మిదికే అరవై మూడేళ్లు నిండాయి. పేరు ముందు ఏళ్ల తరబడి మోసిన మాట పేరుతో ఒక రాష్ట్రం వచ్చాక పన్నెండు రోజులున్నారు.

అన్ని ఛానళ్లలో ఆమె సీన్లే, ఒకదాని వెనక ఒకటి. నేను మంచం అంచున కూర్చుని చూస్తున్నా, కింద రాసింది నాయనమ్మ చదవలేదు కాబట్టి ఎట్లా చెప్పాలా అని ఆలోచిస్తున్నా. ఆమె అప్పుడే లేచి, జుట్టు ముడేసుకుంటూ టీవీ వైపు చూసింది, తెర మీద శకుంతల గారు ఎవరినో దులిపేస్తున్నారు. నాయనమ్మ నవ్వుకుంది. తర్వాత రిమోట్ నా వైపు తోసింది.

"గామె వచ్చింది, జెర సౌండ్ తగ్గియ్యే. పొద్దుపొద్దుగాల్నే పక్కింటోళ్లు లేస్తరు."